నర్సుల బృంద సంభాషణ శిక్షణ: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఈ శిక్షణ అంటే మర్యాదగా, మంచి ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పించడమే.

వాస్తవం: మర్యాద అవసరమే గాని, రోగిని కాపాడేది విషయం చెప్పే క్రమం. హైదరాబాద్‌లోని ఏ ఆసుపత్రిలోనైనా అర్ధరాత్రి దాటాక డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి “సార్, ఏడో బెడ్ పేషెంట్‌కి బాగాలేదు, ఒకసారి చూడండి” అంటే, ఎంత త్వరగా రావాలో ఆయనకు బోధపడదు. అదే సిస్టర్, “సార్, ఏడో బెడ్ పేషెంట్‌కి బీపీ 84/50కి పడిపోయింది, పల్స్ 128. నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం, మీరు వెంటనే రావాలి” అంటే సందేహానికి తావుండదు. పరిస్థితి, పూర్వాపరాలు, అంచనా, అభ్యర్థన అనే ఈ వరుసనే, వాటి ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో, ఎస్‌బార్ (SBAR) అంటారు. అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల నుంచి ఇది వైద్యరంగానికి వచ్చింది. అంచనా చెప్పడం డాక్టరు పని కదా అన్న సంకోచంతో ఎక్కువమంది సిస్టర్లు మూడో మెట్టు దగ్గరే ఆగిపోతారు. రోగనిర్ధారణ చేయమని ఎవరూ అడగడం లేదు. “కారణం తెలియడం లేదు గాని, గంట గంటకూ దిగజారుతున్నారు” అన్నా అది విలువైన అంచనాయే.

అపోహ: డాక్టరు చెప్పిన ఆర్డరును తిరిగి అడగడం పెద్దవారిని ధిక్కరించడమే.

వాస్తవం: ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ దాదాపు ఒకేలా వినిపిస్తాయి, డోపమైన్, డోబుటమైన్ అనే మందుల పేర్లు కూడా అంతే. కాబట్టి విన్నది రాసుకుని, “ఒకటి, అయిదు, పదిహేను” అని అంకెలు విడదీసి చదివి వినిపించి, డాక్టరు అవునన్న తరువాతే మందు ఇవ్వాలి. అనుమానం తీరకపోతే కనీసం రెండుసార్లు స్పష్టంగా చెప్పాలనీ, అప్పటికీ పట్టించుకోకపోతే పైవారి దృష్టికి తీసుకువెళ్లాలనీ 2006లో అమెరికాలో విడుదలైన టీమ్‌స్టెప్స్ శిక్షణ నేర్పుతుంది. డాక్టర్లను పక్కన కూర్చోబెట్టకుండా ఈ పాఠం చెప్పడం సగం పని మాత్రమేనని నా దృఢాభిప్రాయం. అడిగినందుకు కసురుకోకూడదని వారూ నేర్చుకోవాలి.

అపోహ: కేస్ షీటులో అన్నీ రాసి ఉంటే హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు రోగిని తరువాతి వారికి అప్పగించడం, అయిపోయినట్లే.

వాస్తవం: రాసి ఉంచడం ఒక్కటే చాలదు; క్రమబద్ధమైన అప్పగింతకు ఫలితం ఉంటుంది. ఐ-పాస్ అనే అప్పగింత పద్ధతిపై 2014లో వెలువడిన అధ్యయనంలో, తొమ్మిది పిల్లల వైద్య కేంద్రాల రెసిడెంట్ డాక్టర్లకు అందులో శిక్షణ ఇచ్చాక వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి. నర్సులైతే ఆ పనిని బెడ్ పక్కనే నిలబడి, డ్రిప్ రేటునూ, డ్రెయిన్‌నూ (ఒంట్లోని ద్రవాలను బయటికి తీసే గొట్టం) ఇద్దరూ కలిసి చూస్తూ చేయాలి. మన వార్డులలో తెలుగు, మలయాళం, హిందీ మాట్లాడే సిస్టర్లు కలిసి పనిచేస్తారు కనుక, అక్కడున్న అందరికీ అర్థమయ్యే భాషలోనే అప్పగింత జరగాలి.