హెడ్‌లైట్ తీగలోంచి వచ్చే దొంగ

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కార్ల సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువాళ్లు చాలామందే తగులుతారు. కారు హ్యాక్ అయితే బాధ్యత ఎవరిదంటే, కొన్నవాడి కంటే ముందు వాళ్ల కంపెనీలదేనని నా గట్టి నమ్మకం.

ఇప్పటి కారులో చిన్న కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. ఇంజనుకొకటి, బ్రేకులకొకటి, తలుపులకొకటి. అవి మాట్లాడుకునేది క్యాన్ అనే ఉమ్మడి లైను మీద. బాష్ కంపెనీ దాన్ని 1986లో బయటపెట్టింది. అప్పట్లో కారుకు ఇంటర్నెట్ ఊసే లేదు. అందుకే క్యాన్ సందేశంలో అది దేని గురించో ఉంటుంది గానీ, పంపిందెవరో ఉండదు. తలుపు తెరవమని వస్తే తెరవడమే.

2022లో లండన్‌లో ఒక టయోటా ఆర్‌ఏవీ4 మాయమైంది. అంతకుముందే ఎవరో దాని బంపరు లాగి, హెడ్‌లైట్ కనెక్టరు ఊడదీసి ఉన్నారు. ఆకతాయిల పని కాబోలనుకున్నారు. నిజానికి హెడ్‌లైట్ కంప్యూటర్‌కు వెళ్లే తీగలూ క్యాన్ తీగలే. బ్లూటూత్ స్పీకర్‌లా కనిపించే పరికరాన్ని వాటికి తగిలించి, తాళంచెవి సరైనదేనన్న దొంగ సందేశం పంపితే బండి నమ్మేస్తుందని తర్వాతి పరిశోధనలో తేలింది. అద్దం పగలదు, తాళం విరగదు. ఆ కారు యజమాని వాహన భద్రతలోనే పనిచేసే నిపుణుడు! ఆయనకే తప్పలేదంటే, మామూలు మనిషిని జాగ్రత్తగా ఉండమనడంలో అర్థమేముంది?

2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు ఇంట్లో కూర్చునే, హైవే మీద పోతున్న జీప్ చెరకీని సెల్ నెట్‌వర్క్ ద్వారా లొంగదీశారు. నడుపుతున్న విలేకరి ఒప్పుకునే ఎక్కాడు. అయినా యాక్సిలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోనప్పుడు హడలిపోయాడు. ఆ జీప్ తయారుచేసిన క్రైస్లర్ కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది.

యూరప్‌లో 2024 జూలై నుంచి, సైబర్ భద్రత నిబంధనలు పాటించని కొత్త కారును అమ్మడం కుదరదు. సరఫరాదారు ఇచ్చిన భాగంలో లోపమున్నా జవాబు చెప్పాల్సింది తయారీదారే. మన దగ్గరా ఏఐఎస్-189 పేరుతో అలాంటి ప్రమాణం రాశారు.

నాకు మాత్రం పాత బండ్ల గురించే బెంగ. బెంగళూరులో నాలుగేళ్లు తిరిగిన కారు అనంతపురానికో కడపకో సెకండ్‌హ్యాండ్‌లో వెళ్తుంది. ఆర్సీలో పేరు మారినా, పాత యజమాని ఫోన్‌లో, తలుపులు తెరవగల ఆ కారు యాప్ అలాగే ఉండిపోవచ్చు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకిస్తున్నప్పుడు, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో కంపెనీ షోరూమ్‌లోనే రాసివ్వాలి. మైలేజీ అడిగినట్టే అదీ అడగండి. పాత కారైతే, డబ్బు చేతిలో పెట్టేముందే ఆ యాప్‌లోంచి బండిని మీ ఎదుటే తీయించండి.