1.8 సెకన్లకో టిక్కు

పాత ఎల్పీ రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించాక, స్క్రీన్ మీద కనిపించే ధ్వని గీతను బాగా పెద్దది చేసి చూడండి. పాట నడుమ ఒకచోట గడ్డిపరకలా నిటారుగా లేచిన గీత ఉంటుంది. పక్కకు జరిపితే అలాంటిదే ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. వాటి మధ్య ఎడం కొలిస్తే ప్రతిసారీ 1.8 సెకన్లే! ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒక్కో చుట్టుకు పట్టేది సరిగ్గా అంతే. అంటే రికార్డు మీద అడ్డంగా గీరుకుపోయిన గీత ఉంది, ముల్లు చుట్టుకోసారి దాన్ని దాటుతోంది. టిక్కులు లెక్కపెడితే ఆ గీత ఎన్ని చుట్ల మేర పడిందో రికార్డును చూడకుండానే చెప్పేయొచ్చు.

చుట్లు ఎన్నున్నా, ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి. ఇరవై నిమిషాలు పాడే వైపును విప్పి సాగదీస్తే 400 మీటర్లు దాటుతుంది. వెడల్పు మాత్రం ఇంచుమించు తల వెంట్రుకంత. బయటి అంచు దగ్గర ముల్లు ఆ 1.8 సెకన్లలో 90 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, లోపలి చివర 40 కూడా ఉండదు. అంతే సంగీతాన్ని సగం కన్నా తక్కువ జాగాలో కుక్కాలి. చివరి పాటలో 'స', 'ష' శబ్దాలు కాస్త చీరుకుపోయినట్టు వినిపించడానికి ఒక కారణం ఇదే. దీనికి సాఫ్ట్‌వేర్‌లో పెద్దగా మందు లేదు.

ముల్లు కదలిక నుంచి పుట్టే కరెంటు చాలా చిన్నది, కొన్ని మిల్లీవోల్టులు. నేను మొదటిసారి బోల్తా పడింది ఇక్కడే. ప్లేయర్ వైరును నేరుగా కంప్యూటర్ మైకు సాకెట్లో పెట్టేశాను. పాట వచ్చింది కానీ రేకు డబ్బాలోంచి పాడినట్టుంది. రికార్డు అరిగిపోయిందనుకుని బాధపడ్డాను కూడా. దాని తప్పేమీ లేదు. బేస్ శబ్దాలకు గాడి వెడల్పుగా ఊగుతుంది. ఉన్నదున్నట్టు చెక్కితే పక్క చుట్టులోకి దూరిపోతుంది. అందుకని చెక్కేటప్పుడే బేస్‌ను తగ్గించి, సన్నటి శబ్దాలను పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. అప్పుడు బేస్ తిరిగొస్తుంది, పెంచినవాటిని దించినప్పుడు వాటితో పాటు రికార్డు బుస కూడా తగ్గుతుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నదానికి 1954 నుంచి అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ లెక్క ఉంది. 20 హెర్ట్జ్ దగ్గర సుమారు పదో వంతుకు తగ్గింపు, 20 వేల దగ్గర సుమారు పది రెట్ల పెంపు.

ఈ తిరగేసే పని, సిగ్నల్‌ను వంద రెట్ల దాకా పెంచే పని, రెండూ ఫోనో ప్రీ-ఆంప్ అనే పరికరానివి. కొన్ని ప్లేయర్లలో అది లోపలే ఉంటుంది. అలాంటిదానికి బయట ఇంకోటి తగిలిస్తే బేస్ బండలా కొడుతుంది.

ఇక కంప్యూటర్ పని చాలా తేలిక, నిజం చెప్పాలంటే. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. లెవెల్ పెట్టేటప్పుడు ఆశపడకూడదు. డిజిటల్లో గరిష్ఠం దాటిన శబ్దం తల నరికినట్టు చదునైపోతుంది. పైన 6 డెసిబెళ్లు ఖాళీ వదిలి, ఒక్కో కొలతను 24 బిట్లలో రాసేలా రికార్డు చేస్తే టెన్షన్ ఉండదు. నలభై నిమిషాల రికార్డుకు 635 ఎంబీ దాకా అవుతుంది. ఫ్లాక్ అనే ఫైలు రూపంలో దాస్తే నాణ్యత పోకుండానే తగ్గుతుంది. 96 వేల సార్లు కొలవాలని పట్టుబట్టేవాళ్లున్నారు. ఆ పట్టుదల రికార్డును కడగడం మీద పెడితే ఎక్కువ లాభమని నా ఉద్దేశం.

టిక్కులు తీసే ఫిల్టరు పాడైన చోట ఇరుపక్కల అంకెలను చూసి మధ్యది ఊహించి పూరిస్తుంది. ఒక మిల్లీసెకను టిక్కు అంటే 44 అంకెలే, చెవికి తెలియదు. మొత్తం బుసను తీసేసే ఫిల్టరుతోనే జాగ్రత్త. ఎక్కువ నొక్కితే వయొలిన్ సన్నగా ఆగిపోయే చోట నీళ్లలో పాడినట్టవుతుంది. అందుకే ముట్టుకోని మొదటి ఫైలును విడిగా దాచుకోవాలి.

ఒకే చానల్ ఉండే మోనో రికార్డయితే ఫిల్టర్ల కన్నా ముందు చేయాల్సింది ఇంకోటుంది. అందులో పాటంతా ముల్లు కుడి ఎడమల ఊపులోనే ఉంటుంది. దుమ్ము మాత్రం ముల్లును పైకీ కిందికీ కూడా ఎగరేస్తుంది. స్టీరియో ముల్లుతో వింటే కుడి ఎడమ చానళ్లు రెండింటిలోనూ పాట ఒకేలా వస్తుంది, ఆ ఎగురుడు ఒకదానికొకటి తిరగబడి వస్తుంది. రెండు చానళ్లనూ కలిపేయండి. పాట పాటతో కలుస్తుంది, ఎగురుడుకు ఎగురుడు చెల్లు.