ఇంట్లో కట్టుకున్న ఆర్‌ఎఫ్ కరెంటు మీటర్: అపోహలు – వాస్తవాలు

హామ్ రేడియోలో యాంటెన్నాకు పోయే ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటును కొలిచే మీటర్ ఇది. కరెంటు పోయే తీగను ఒక రింగులోంచి దూర్చి, ఆ రింగు మీది చుట్లలో పుట్టే వోల్టేజీని డయోడ్ ద్వారా ముల్లు మీటరుకు ఇస్తాం.

అపోహ: రిగ్‌ను (రేడియో ట్రాన్స్‌మిటర్‌ను) యాంటెన్నాకు కలిపి, డిస్‌ప్లేలోని వాట్లను 50తో భాగించి, వర్గమూలం తీసి స్కేలు మీద గీసుకుంటే కాలిబ్రేషన్ పూర్తయినట్టే.

వాస్తవం: మీటర్ పెట్టిన చోట 50 ఓముల లోడ్ ఉంటేనే ఆ లెక్క చెల్లుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (లోడ్ ఎంత సరిపోలలేదో చెప్పే నిష్పత్తి; సరిగ్గా సరిపోతే 1) 2 ఉన్న ఫీడ్‌లైనులో, అంటే రిగ్ నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్‌లో, 100 వాట్లు పోతున్నప్పుడు ఒక చోట 1 ఆంపియర్, అక్కడికి పావు తరంగదైర్ఘ్యం దూరంలో 2 ఆంపియర్లు ఉంటాయి. డమ్మీ లోడ్‌లో (యాంటెన్నా బదులు పెట్టే 50 ఓముల రెసిస్టర్‌లో) అవే 100 వాట్లకు 1.41 ఆంపియర్లు.

ఈ మధ్య విజయవాడ నుంచి ఒక కుర్రాడు దిగులుగా ఫోన్ చేసి, "సార్, పవర్ సగానికి పడిపోయింది, ఫైనల్స్ పోయాయంటున్నారు" అన్నాడు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ట్యూనర్ (యాంటెన్నాను రిగ్‌కు సరిపోయేలా చేసే పెట్టె) దాటాక సరిగ్గా 2 ఆంపియర్లున్న చోట మీటర్ పెట్టి ముల్లు నిలిచిన చోట 1.41 అని రాసుకున్నాడు. ఆ తరువాత డమ్మీ లోడ్ కలిపితే అది 1 చూపింది. రిగ్ నిక్షేపంగా ఉంది, స్కేలే తప్పు. పాపం, అప్పటికే ఎవరో విన్నమాట పట్టుకొని ఆ ఫైనల్స్, అంటే రిగ్‌లోని చివరి పవర్ ట్రాన్సిస్టర్లు, మార్చుకోమని సలహా ఇచ్చేశారు. ఇలాంటి సలహాదారులతోనే నాకు విసుగు.

కాబట్టి వైరు చుట్టిన రెసిస్టర్లు కాకుండా, ఇండక్టెన్స్ లేని 50 ఓముల డమ్మీ లోడ్ వాడాలి. కీ నొక్కి 10 వాట్ల క్యారియర్ (మాట, సంకేతం లేని ఉత్త రేడియో తరంగం) పంపి, లోడ్ మీది వోల్టేజీని 10:1 ప్రోబుతో ఆసిలోస్కోపులో చూస్తే శిఖరం నుంచి శిఖరానికి దాదాపు 63 వోల్టులుండాలి. అప్పుడు కరెంటు 0.447 ఆంపియర్. ఆ గుర్తు పెట్టాక 1, 5, 25, 50 వాట్ల దగ్గర కూడా (0.14, 0.32, 0.71, 1 ఆంపియర్) విడివిడిగా గుర్తులు పెట్టుకోవాలి, ఎందుకంటే డయోడ్ డ్రాప్ వల్ల స్కేలు అడుగుభాగం ముడుచుకుపోతుంది.

అపోహ: తీగను దూర్చే రింగుకు ఏ టొరాయిడ్ (గుండ్రటి అయస్కాంత కోర్) అయినా పనిచేస్తుంది.

వాస్తవం: ఎర్రటి టీ50-2 మీద 20 చుట్లు చుడితే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ సుమారు 43 ఓములే. చుట్ల కొసల మధ్య పెట్టే 50 ఓముల బర్డెన్ రెసిస్టర్ కంటే అది తక్కువ కాబట్టి కింది బ్యాండ్లలో (తక్కువ ఫ్రీక్వెన్సీలలో) రీడింగు పడిపోతుంది. ఎఫ్‌టీ50-43 ఫెర్రైట్‌తో ఈ బెడద ఉండదు.

ఇంటి 50 హెర్ట్జ్ కరెంటుతో కాలిబ్రేట్ చేయవచ్చన్నది ఉత్త మాట. ఆ చుట్లకు అక్కడ రియాక్టెన్స్ లేనట్టే.

ఇక కోక్స్ (లోపల తీగ, చుట్టూ షీల్డ్ ఉన్న కేబుల్) మొత్తాన్ని రింగులో దూర్చితే సున్నా చూపుతోందని కంగారుపడేవారికి ఒక మాట: లోపలి తీగలోని కరెంటును షీల్డ్ లోపలి ముఖం మీది కరెంటు రద్దు చేస్తుంది, మిగిలేది కామన్ మోడ్ కరెంటే, అంటే షీల్డ్ బయటి ముఖం మీద పారే అక్కర్లేని కరెంటే. అది సున్నా కావడం శుభవార్తే.