గొర్రె నెత్తురు నుంచి కోళ్ళ టీకా దాకా: ఎక్సోసోముల నేపథ్యం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కోళ్ళ ఫారాలు నడిపేవారికి రక్తపారుడు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. కింద పరచిన వరిపొట్టు తడిసి కొన్ని రోజులు గడిస్తే చాలు, కోడిపిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తుంది. దీనికి కారణం ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి. దాణాలో కలిపే మందులను తట్టుకోవడం అది కాలక్రమంలో నేర్చుకుంటుంది. 1950ల నుంచి సజీవ టీకాలు ఉన్నాయి గాని, బతికి ఉన్న పరాన్నజీవినే కొద్ది మోతాదులో ఎక్కించడం గనుక పిల్లల ఎదుగుదల కొంత మందగించవచ్చు. పైగా ఒక జాతి ఐమీరియాను ఎదుర్కొన్న కోడికి మరో జాతి నుంచి రక్షణ దొరకదు. పరాన్నజీవిని పంపకుండా దాని ఆనవాళ్ళను మాత్రమే నిరోధక వ్యవస్థకు చూపించే మార్గం కోసం వెతికినవారిలో కొందరి దృష్టి, కణాలు బయటికి వదిలే అతి చిన్న తిత్తులైన ఎక్సోసోములపై పడింది.

ఈ కథ పరాన్నజీవులతో మొదలు కాలేదు. 1983లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టన్ బృందం గొర్రె నెత్తురులోని ముదరని ఎర్రకణాలను, అదే ఏడాది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఫిలిప్ స్టాల్ బృందం ఎలుకల కణాలను పరిశీలిస్తూ ఒకే సంగతి గమనించాయి. ముదిరే క్రమంలో ఆ కణాలు ఇనుమును అందుకునే గ్రాహకాలను అతి చిన్న తిత్తుల్లో చుట్టి బయటికి వదులుతున్నాయి. 1987లో జాన్‌స్టన్ వాటిని ఎక్సోసోములు అని పిలిచారు. కణం ఊడ్చిపారేసిన చెత్తగానే చాలాకాలం వాటిని లెక్కగట్టారు.

ఆ అభిప్రాయాన్ని మార్చినది 1996లో గ్రాసా రపోజో, సహచరులు ప్రచురించిన పరిశోధన. నిరోధక వ్యవస్థకు చెందిన బి కణాలు వదిలే తిత్తుల పైపొరపై, శత్రువు తునకలను పట్టి చూపించే ఎమ్‌హెచ్‌సీ అణువులు ఉన్నాయనీ, అవి అదే వ్యవస్థలోని టి కణాలను మేల్కొల్పగలవనీ అందులో తేలింది. డెండ్రైటిక్ కణాల తిత్తులు ఎలుకల్లో కణుతులను అణచగలవని 1998లో లారెన్స్ జిట్వోగెల్ బృందం చూపింది. డెండ్రైటిక్ కణం శత్రువును మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తోటి కణాలకు చూపించే కణం. దాని ఎక్సోసోము కూడా సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల పరిమాణంలోనే అదే పని కొంతవరకు చేస్తుంది. కేంద్రకం లేదు గనుక అది విభజన చెందదు, పెరగదు.

పరాన్నజీవుల వైపు తొలి అడుగుల్లో ఒకటి 2004లో ఫ్రాన్స్‌లో పడింది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఆనవాళ్ళు తినిపించిన డెండ్రైటిక్ కణాల ఎక్సోసోములను ఎక్కించిన ఎలుకల మెదడులో ఆ పరాన్నజీవి దాగి ఉండే గూళ్ళు (సిస్టులు) తగ్గాయి. 2010లో జర్మనీ పరిశోధకులు ఇదే పద్ధతి లీష్మానియా మేజర్ అనే మరో పరాన్నజీవిపై పనిచేయడం చూశారు. మన ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చినది మాత్రం స్పెయిన్‌కు చెందిన ఎమీలియో డెల్ కాచో, అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన హ్యున్ లిల్లెహాజ్ తదితరులు 2012లో వెలువరించిన పని. టెనెల్లా, మాక్సిమా, ఏసర్వులినా అనే మూడు ఐమీరియా జాతుల ఆనవాళ్ళు మోసే ఎక్సోసోములతో వారు కోళ్ళకు రక్షణ కల్పించగలిగారు. రెట్టలో పడే పరాన్నజీవి గుడ్ల సంఖ్య తగ్గింది, బరువు మెరుగుపడింది. మూడు జాతులనూ ఒకేసారి తలకెత్తుకోవడం ఫారం సంగతి తెలిసినవారు చేసే పని.

ఇబ్బంది ధరలోనే ఉంది. ఎక్సోసోములను వేరుచేయాలంటే భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాలి, గంటల కొద్దీ పని. ఆరు వారాల్లో అమ్ముడుపోయే బ్రాయిలర్ ఆ ఖర్చును మోయలేదు. పాడి ఆవు సంగతి వేరు. మన దేశంలో పశువులకు సోకే థైలేరియా అనే పరాన్నజీవి వ్యాధికి వాడే టీకా పరాన్నజీవి సోకిన సజీవ కణాలతోనే తయారవుతుంది, దాన్ని ద్రవ నత్రజనిలో భద్రపరచవలసి ఉంటుంది. అంత తంటాలు పడి అయినా టీకా వేయించుకునే పశువు ఇంటింటా ఉన్న ఈ జిల్లాల్లో ఎక్సోసోముల టీకా ఎప్పుడైనా అడుగుపెడితే, అది కోళ్ళ ఫారానికంటే ముందు పశువుల కొట్టానికే వస్తుందని నా అంచనా.