సాగర్ అడుగున ఉన్నది ఎవరి సీసం?

వినాయక చవితి దగ్గరపడగానే హుస్సేన్ సాగర్ మీద పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. విగ్రహాల రంగుల్లో సీసం, కాడ్మియం, క్రోమియం ఉంటాయి, సాగర్‌లో కలపొద్దని కొందరు. మా పండుగ ఒక్కటే కనబడిందా అని ఇంకొందరు. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలిచ్చింది. 2021లో హైకోర్టు అలాంటి విగ్రహాలను సాగర్‌లో కలపొద్దంటే, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి వెసులుబాటు ఇచ్చింది. ఇదంతా అందరికీ గుర్తున్నదే, చెరువు తవ్వించిన కాలం నుంచి మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. అసలు సంగతి కూకట్‌పల్లి నాలా దగ్గరుంది.

సాగర్‌లోకి వచ్చే పెద్ద నాలాలు నాలుగు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. ఇళ్ల మురుగు నాలుగింటిలోనూ వస్తుంది కానీ బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల నీళ్లు మోసుకొచ్చింది మాత్రం కూకట్‌పల్లి నాలానే. మందుల కంపెనీలు, చిన్న చిన్న ఇంజనీరింగ్ షెడ్లు, లోహపు పూతలు వేసే యూనిట్లు, ఇవన్నీ దశాబ్దాల తరబడి ఆ దారిలోనే ఉన్నాయి. పూత పని చేసే షెడ్డు నుంచి క్రోమియం, నికెల్, జింకు లాంటివి కడుగునీళ్లతో బయటికి వస్తాయి. నాలాలో పారుతున్నంతసేపూ అవి సన్నటి బంకమట్టి రేణువులను పట్టుకుని ప్రయాణం చేస్తాయి, నాలా చెరువులో కలిసే చోట వేగం తగ్గి ఆ మట్టితోపాటే అడుక్కి దిగిపోతాయి. మురుగు కాలక్రమేణా కుళ్లి విరిగిపోతుంది, సీసం సీసంగానే ఉంటుంది.

ఆ నల్ల బురదను కదిపితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆక్సిజన్ అందని బురదలో ఆ సల్ఫైడే సీసాన్ని, కాడ్మియాన్ని, జింకును గట్టిగా పట్టి ఉంచుతుంది. బురద కదలనంతవరకూ చాలా లోహం పైనీళ్లలోకి రాదు, అందుకే పైన బకెట్ ముంచి తీసిన నీళ్లలో అడుగున ఏముందో కనబడదు.

నా లెక్కలో మలుపు 2006. ఆ ఏడాది జపాన్ రుణంతో సాగర్ ప్రక్షాళన ప్రాజెక్టు మొదలైంది. నాలా నీళ్లను చెరువులోకి రానీయకుండా పక్కనుంచి మళ్లించడం, నాలాలు కలిసే చోట పూడిక తీయడం, శుద్ధి ప్లాంట్లు కట్టడం దాని పనులు. మంచి పనులే, కాదనను. కానీ అప్పటి నుంచి సాగర్ బాగుపడిందా లేదా అన్నది నీళ్లను బట్టే చెప్పడం అలవాటైపోయింది. పూడిక తీసింది ముఖ్యంగా నాలా ముఖద్వారాల దగ్గర, మిగతా అడుగంతా అలాగే ఉండిపోయింది. పైగా మళ్లింపు కాలువలు ఎండాకాలపు ప్రవాహానికి సరిపోతాయి, గట్టి వాన పడితే నాలా పొంగి మళ్లీ చెరువులోకే వస్తుంది.

2015లో చెరువు మొత్తం ఖాళీ చేసి శుభ్రం చేస్తామని ప్రభుత్వం అన్నప్పుడు అభ్యంతరాలు వచ్చాయి, ఆ ఆలోచన పూర్తి కాలేదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బురదకు గాలి తగిలితే సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది, పట్టుకున్న లోహాన్ని వదిలేస్తుంది. తవ్విన మట్టిని ఏ ఊరి పక్కన పోసినా వానకు దిగే నీళ్లు ఆ ఊరి బోర్లలోకే పోతాయి.

పరిశ్రమల వాళ్లు తమ వ్యర్థజలాలు శుద్ధి ప్లాంటుకే వెళ్తున్నాయంటారు. ఇవాళ వెళ్తున్నాయేమో, అడుగున పేరుకున్నది మాత్రం నిన్నటిది.

విగ్రహాల రంగులు అమాయకమైనవని నేను అనడం లేదు, వాటిలో సీసం ఉంటే అది చేరేదీ ఆ బురదలోకే. ప్లాస్టర్‌ది కూడా తప్పుంది: అది కాల్షియం సల్ఫేట్, అడుగు బురదలోని బ్యాక్టీరియా ఆ సల్ఫేటునే కంపుకొట్టే సల్ఫైడ్‌గా మారుస్తుంది. నా కోపం పరీక్ష చేసే తీరు మీద. నిమజ్జనానికి ముందు, నిమజ్జనం రోజుల్లో, తర్వాత నమూనాలు తీసి పోలుస్తారు. పండుగ చుట్టూ మాత్రమే కొలిస్తే పండుగ చేసిన తేడా తప్ప ఏం దొరుకుతుంది? చెరువు నడుమ గొట్టం దింపి, పొరలు చెదరకుండా మట్టి తీసి, ఏ పొర ఏ కాలం నాటిదో సీసం-210, సీజియం-137 అనే రేడియోధార్మిక రూపాలతో తేల్చే పద్ధతి ఉంది. ఏ దశకంలో ఏ లోహం ఎంత పెరిగిందో ఆ పొరల్లో కనబడుతుంది, విగ్రహాలదెంత, ఫ్యాక్టరీలదెంత అన్న వాదన చాలావరకు అక్కడే తేలుతుంది. అలాంటి నివేదికను చెరువు మ్యాపుతో సహా జనం ముందు పెట్టాలి.

ఇప్పుడు మూసీ ప్రక్షాళన గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. సాగర్‌కు రాకుండా మళ్లించిన నీళ్లు అంబర్‌పేట శుద్ధి ప్లాంటు మీదుగా చేరేది ఆ మూసీలోకే. అక్కడ పొక్లెయిన్లు దిగకముందే ఆ బురదలో ఏ లోహం ఎంతుందో, తవ్వితీసింది ఎక్కడ పోస్తారో అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.