మోడల్ రైలు పట్టాలు తప్పితే వంపునే తిట్టకండి: అపోహలు, వాస్తవాలు

"వంపు మొత్తం పీకి మళ్లీ పరిచానండీ, అయినా బండి అక్కడే పడిపోతోంది." మోడల్ రైళ్ల లేఅవుట్లు (బల్ల మీద పరిచిన పట్టాల అమరికలు) బాగుచేసే పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇది. ఆ గొంతులో నీరసం వింటే జాలేస్తుంది. పీకమని సలహా ఇచ్చినవాళ్ల మీద మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: వంపు ఇరుగ్గా ఉంది కాబట్టే పట్టాలు తప్పుతోంది.

కాదండీ. హెచ్‌ఓలో, అంటే అసలు రైలులో 87వ వంతు ఉండే మోడల్ సైజులో, 18 అంగుళాల రేడియస్ అంటే 457 మిల్లీమీటర్లు. నాలుగు ఇరుసుల డీజిల్ ఇంజన్‌కీ, (అసలు కొలతలో) 40 అడుగుల వ్యాగన్లకీ అది చాలు. అవి కూడా పడుతున్నాయంటే ముందు జాయింట్లు చూడండి. ఫ్లెక్స్ ట్రాక్‌ను (చేత్తో వంచుకునే పట్టాలను) ఎంత వంచినా దాని కొసలు తిన్నగా అవ్వాలనే చూస్తాయి. విడివిడిగా వంచిన రెండు ముక్కల్ని జాయినర్‌తో (పట్టాల కొసల్ని కలిపే చిన్న లోహపు రేకుతో) కలిపితే ఆ చోట వంపు గుండ్రంగా తిరగదు, మోచేయిలా విరుగుతుంది. ఫ్లాంజ్ (చక్రాన్ని పట్టా మీద నిలిపే అంచు) పట్టా ఎక్కేది అక్కడే. మీ కాగితం మీద 457 ఉండొచ్చు, జాయింటు దగ్గరి ఆ రెండంగుళాల్లో మాత్రం ఉండదు.

మందు సులువే. రెండు ముక్కల్నీ తిన్నగా ఉన్నప్పుడే కలిపి, జాయింటును సోల్డర్ చేసి, చల్లారాక వంచండి. లోపలి పట్టా కొస బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని కోసి, ఆకురాయితో గరుకు తీసేయండి. జాయింటు దగ్గర తీసిన స్లీపర్లను తర్వాత కిందికి తోసేయొచ్చు.

నా మొదటి లేఅవుట్‌లో ఒకే వంపును మూడుసార్లు పీకాను. నాలుగోసారి విసుగొచ్చి, పట్టా మీద గోరు పెట్టి మెల్లగా జరిపాను. ఒకచోట టక్కుమని తగిలింది. బయటి పట్టా జాయినర్‌లోకి దూరకుండా దాని నెత్తినెక్కి కూర్చుంది! మెట్టు ఎత్తు గోటి మందం కూడా లేదు. మూడు రాత్రుల నిద్ర తిన్నది అదే.

అందుకే పీకేముందు ఒక్క పరీక్ష చేయండి. రకరకాల వ్యాగన్లు ఒకేచోట పడితే తప్పు ట్రాక్‌ది. ఒకే వ్యాగన్ ఎక్కడపడితే అక్కడ పడితే తప్పు దానిదే. కన్ను పట్టా ఎత్తుకు దించి ఒంటికంటితో చూడండి, లేదా ఫోన్‌ను అదే ఎత్తున పెట్టి స్లో మోషన్‌లో తీయండి. మొదట ఏ చక్రం లేచిందో తెలిసిపోతుంది.

అపోహ: బరువు వేస్తే నిలబడుతుంది.

కొంతవరకే. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కు ఒక ఔన్స్, దానికితోడు పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్స్. ఆరంగుళాల వ్యాగన్‌కు దాదాపు 113 గ్రాములు. మీరు వెనకవన్నీ బరువెక్కించి, ఇంజన్ వెనక తేలికది తగిలిస్తే, వంపులో లాగుడుకి ఆ తేలికదే లోపలికి ఒరిగి పడుతుంది.

అపోహ: స్పీడు తగ్గిస్తే చాలు. విరిగిన జాయింటు దగ్గర నెమ్మదిగా పడుతుంది, అంతే.

అపోహ: పట్టాలకు నూనె రాస్తే జారుతుంది. ఇంజన్ చక్రాలూ జారతాయి, ఆ జిడ్డుకి దుమ్మూ అంటుకుంటుంది. దయచేసి రాయకండి.

అపోహ: ట్రక్కుల (వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాల) స్క్రూలు రెండూ గట్టిగా బిగించాలి. ఒకటి అటూఇటూ తిరిగేంత మాత్రం బిగించి, రెండోది ఊగేలా వదలండి. బిగుసుకుపోయిన వ్యాగన్ ఎగుడుదిగుడు పట్టా మీద ఒక చక్రాన్ని గాల్లో పెట్టుకుని వెళ్తుంది. చక్రాల మధ్య గేజ్ (ఎడం) చూడటం కూడా మరవకండి.

ఇక 85 అడుగుల ప్యాసింజర్ బోగీలు. హెచ్‌ఓలో ఒక్కోటి 298 మిల్లీమీటర్లు. బోగీ పొడవుకు మూడింతల రేడియస్ ఉండాలన్న మోటు లెక్కన 890 మిల్లీమీటర్ల దాకా కావాలి. కప్లర్లు (బోగీల్ని కలిపే కొక్కేలు) బోగీ అడుగునే బిగించి ఉంటే ఇరుకు వంపులో పక్కదాన్ని పట్టా మీంచి ఈడ్చేస్తాయి. వాటి విషయంలో మాత్రం మీ వంపు నిజంగానే ఇరుకు.