పిల్లి చెప్పే సాక్ష్యం: చిన్న ఊరి మిస్టరీ కథలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ నేను ఒక మిస్టరీ కథల వరుస రాస్తున్నాను. నర్సంపేట దారిలో ఉన్నట్లు ఊహించుకున్న ఒక చిన్న పట్టణం, అక్కడి తపాలా కార్యాలయంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ, ఆమె పెంకుటింట్లో తిరిగే రెండు పిల్లులు ఈ కథలకు ఆధారం. హింసను కళ్లకు కట్టకుండా, ఒక ఊరి మనుషుల మధ్య జరిగిన నేరాన్ని ఆ ఊరి మనిషే ఓపికగా విప్పే ఈ తరహాను కోజీ మిస్టరీ అంటారు. ఇలాంటివి చదివేవారూ, రాయాలనుకునేవారూ అడిగే ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు తరచుగా కనిపిస్తున్నాయి కాబట్టి, నాకు తెలిసినంతలో వాటికి సమాధానం రాస్తున్నాను.

అపోహ: పిల్లి మనిషిలా ఆలోచించి నేరస్థుణ్ణి పట్టిస్తుంది.

వాస్తవం: పిల్లులు తమలో తాము మాట్లాడుకొనే కథలు కూడా ఉన్నాయి, ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. అయితే పిల్లికి అతీత శక్తి అంటగట్టి, అది నేరుగా దోషి ముందుకు వెళ్లి అరిచినట్లు రాస్తే పాఠకుడికి అన్యాయం జరుగుతుంది. అపరాధ పరిశోధన కథల్లో అతీంద్రియ శక్తులకు చోటు ఉండకూడదనీ, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ కనిపించాలనీ ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే తన పది నియమాల్లో చెప్పారు. పిల్లి ఉన్న కథకు ఆ నియమం మరింత అవసరం. పిల్లి పిల్లిలాగే తింటుంది, పడుకుంటుంది, భయపడుతుంది. ఆ ప్రవర్తనలో వచ్చిన తేడాను మనిషి గమనించి, ఎందుకని ప్రశ్నించుకున్నప్పుడే పరిశోధన మొదలవుతుంది.

ఇందుకు నమూనా కోసం మనం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగువారు ఉండరు. ఎలుకల బెడద తీరడానికి రాయలవారు పిల్లినీ, దాని పాలకోసం ఆవునూ ఇస్తే, పాలన్నీ ఇంటివాళ్లే తాగారు. పరీక్ష రోజున బక్కచిక్కిన పిల్లి పాలగిన్నె చూడగానే పారిపోయింది. రామకృష్ణుడు దాన్ని పిల్లి స్వభావంగా చూపించి గెలిచాడు గానీ, పాలను చూసి పిల్లి ఎందుకు బెదిరిందని ఆ సభలో ఒక్కరు నిలదీసి ఉంటే, మొదటిరోజు దాని మూతి కాల్చిన వేడి పాల సంగతి అక్కడే బయటపడేది. జంతువు ప్రవర్తన వెనుక ఒక పూర్వ సంఘటన దాగి ఉంటుందన్న ఈ సూత్రం మీదనే నా కథలన్నీ నడుస్తున్నాయి.

మార్కెట్ యార్డు నేపథ్యంగా రాసిన కథలో నేను దీన్నే వాడాను. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి రాక మొదలైన రోజుల్లో ఆ ప్రాంతమంతా ఘాటుతో నిండిపోతుంది, తుమ్మకుండా నడవడం కూడా కష్టమవుతుంది. మిర్చిలోని కారం పక్షులకు తెలియదు గానీ, పిల్లుల వంటి క్షీరదాలకు బాగా తెలుస్తుంది. నా కథలోని గోదాములో తేజ మిర్చి అని రాసి ఉన్న బస్తాల వరుసపై పిల్లి నిశ్చింతగా నిద్రపోతూ కనిపిస్తుంది. జెండా పాట (ఆ రోజు మొదటి వేలం) ఎంత పలికిందో, ఏ వ్యాపారి ఎంత కొన్నాడో లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా, ఆ బస్తాల్లో ఉన్నది మిర్చి కాదని పెద్దావిడకు అక్కడే అనుమానం వస్తుంది. ఆమె కన్నా ముందే పాఠకుడు కూడా ఆ పిల్లిని చూసి ఉంటాడు.

అపోహ: పిల్లుల గురించి అందరికీ తెలిసిందే, ప్రత్యేకంగా చదవవలసిన అవసరం లేదు.

వాస్తవం: తెలిసిందనుకున్న చోటే కథ దెబ్బతింటుంది. పిల్లికి కటిక చీకటిలో ఏమీ కనిపించదు. మనకు కావలసిన వెలుతురులో దాదాపు ఆరో వంతు ఉంటే దానికి చాలు, అంతే. అది తీపి రుచిని గుర్తించలేదు కాబట్టి, మిఠాయిలో కలిపిన విషాన్ని ఆ తీపికి ఆశపడి తిని చనిపోయిందని రాయకూడదు, నెయ్యి వాసనకో, పాల వాసనకో వచ్చిందంటే నమ్మవచ్చు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు. మనకు వినిపించే ధ్వని 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, పిల్లికి సుమారు 64 కిలోహెర్ట్జ్ వరకు వినిపిస్తుంది కాబట్టి, అటకపై ఎలుకల కిచకిచలకు అది చెవులు రిక్కించడం సహజమే.

తెలుపు, నలుపు, నారింజ కలిసిన మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుంది. నారింజ రంగుకు సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండటమే దీనికి కారణం. అరుదుగా మగది పుట్టినా, సాధారణంగా దానికి సంతానం కలగదు. ‘మా మూడు రంగుల గండు పిల్లి పోలికతో పుట్టిన పిల్లలు ఇవి’ అని ఒక పాత్ర ధీమాగా చెబితే, ఆ పాత్ర చెప్పే మిగతా మాటలను కూడా సరిచూసుకోవాలని పాఠకుడికి సూచించినట్లే.

అపోహ: పిల్లి ఎదురొస్తే అపశకునమనుకునే మన పాఠకులు దానిని కథానాయికగా ఆదరించరు.

వాస్తవం: మన పాత కథల్లో పిల్లికి మంచి పేరు లేదన్నది నిజమే. పంచతంత్రంలోని దధికర్ణుడు తపస్విలా నటిస్తూ, న్యాయం కోసం వచ్చిన కుందేలునూ పక్షినీ తినేస్తాడు. కళ్లు మూసుకొని పాలు తాగుతుందన్న సామెత ఉండనే ఉంది. కథ రాసేవారికి ఈ అనుమానం అడ్డంకి కాదనీ, ఎంతో ఉపయోగపడే వనరనీ నా అనుభవంలో తెలిసింది. మామూలుగా మనుషులు ఏ నిమిషంలో గడప దాటారో గుర్తుపెట్టుకోరు. పిల్లి అడ్డం వచ్చిన రోజును మాత్రం మరచిపోరు. నా కథలో ఒక హమాలీ పోలీసులతో, ‘తెల్లారంగ పనికి పోతుంటే పిల్లి అడ్డమొచ్చింది సార్, ఇంట్లకు మళ్లొచ్చి కూసొని, నీళ్లు తాగి మళ్ల పోయిన’ అంటాడు. రాత్రంతా తన తలుపు గడియ వేసే ఉందనీ, పిల్లి లోపలే పడుకుందనీ ఆ పిల్లి యజమాని అప్పటికే వాంగ్మూలం ఇచ్చి ఉంటాడు. శకునాన్ని నమ్మే మనిషి మాట వల్ల, ఆ తలుపు తెల్లవారకముందే ఎవరో తెరిచారని రుజువవుతుంది. ఆ నమ్మకాన్ని నేను ఎక్కడా ఎగతాళి చేయలేదు. హమాలీ మాటను శ్రద్ధగా విన్నందువల్లనే కేసు ముందుకు కదులుతుంది.

అపోహ: ఇవి పిల్లల కథలు.

వాస్తవం: అమెరికన్ రచయిత్రి లిలియన్ జాక్సన్ బ్రౌన్ తన పిల్లుల మిస్టరీ వరుసను 1966లో పెద్దల కోసమే మొదలుపెట్టారు. జపాన్‌లో జిరో అకగావా మూడు రంగుల పిల్లి కథలు 1978 నుంచి వెలువడ్డాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను ఆదరించిన తెలుగు పాఠకులకు పరిశోధన కథ కొత్త కాదు, అందులోకి పిల్లి రావడం మాత్రమే కొత్త.

అపోహ: అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊళ్లో రహస్యం దాగదు, అక్కడ అన్ని హత్యలు జరిగితే ఎవరూ నమ్మరు.

వాస్తవం: రెండో మాటలో కొంత న్యాయం ఉంది. అందుకే నా వరుసలో ప్రతి కథా హత్య కథ కాదు. పట్టాదారు పాసుపుస్తకంలో మారిన పేరు, కొత్తవాడ జంపఖానాలని చెప్పి అమ్మిన నకిలీ సరుకు, చిట్టీ డబ్బుతో మాయమైన మనిషి వంటి వాటితోనూ నిండైన కథ అల్లవచ్చు. మొదటి మాటను మాత్రం నేను ఒప్పుకోను. చిన్న ఊళ్లో మనుషులు ఒకరి అలవాట్లు మరొకరు ఎరిగి ఉంటారు, ఆ ఎరుకనే నేరస్థుడు వాడుకుంటాడు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం వాడలోని ఆడవాళ్లంతా చెరువు గట్టుకు వెళతారని ఊరందరికీ తెలుసు, ఇళ్లు ఖాళీగా ఉంటాయని దొంగకూ తెలుసు. ఆ పూట కథలో నేను గునుగు పూలను ఆధారం చేసుకున్నాను. బతుకమ్మ పేర్చడానికి గునుగు పూలకు రంగులు అద్దుతారు కదా, ఆ రంగునీళ్ల గిన్నె తన్నేసిన పిల్లి అడుగుజాడలు, తాళం వేసి ఉందని చెప్పిన గదిలోపల గులాబీ రంగులో కనిపిస్తాయి.

అపోహ: ఔత్సాహిక పరిశోధకురాలి తెలివి కనిపించాలంటే పోలీసులను అసమర్థులుగా చూపాలి.

వాస్తవం: ఇది సోమరి పద్ధతి. అనుమానాస్పద మరణం జరిగితే చేసే శవ పంచనామాను ఇరుగుపొరుగులోని ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది గౌరవనీయుల సమక్షంలో జరపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1కి ముందు అమల్లో ఉన్న పాత చట్టంలోని 174వ సెక్షన్ కూడా ఇదే చెప్పేది. ఊళ్లో అందరూ గౌరవించే తపాలా పెద్దావిడను పంచుగా, అంటే పంచనామా సాక్షిగా, పిలవడం చట్టానికీ, కథకూ సరిపోతుంది. ఆమె కిటికీ దూకి దొంగతనంగా లోపలికి వెళ్లనక్కరలేదు. ఎస్సై పక్కనే నిలబడి, చనిపోయిన మనిషి పిల్లి గిన్నెలో ఇంకా తడి ఆరని అన్నం ఉండటం చూస్తుంది. మనిషి పోయిన తర్వాత ఆ పిల్లికి తిండి పెట్టింది ఎవరన్న ప్రశ్న పంచనామాలోకి కూడా ఎక్కుతుంది.

చావుకు బరువు లేకుండా రాయవచ్చన్న అపోహ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తం చూపించకపోవడం వల్ల దుఃఖాన్ని దాటవేసే హక్కు రచయితకు రాదు. దినకర్మల ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, మూతపడిన దుకాణాన్ని మళ్లీ ఎవరు తెరిచారు, పోయినవారి బాకీలు ఎవరి మీద పడ్డాయి అన్న విషయాలను నేను ప్రతి కథలోనూ రాస్తాను. తరచుగా నేరానికి కారణం కూడా వాటిలోనే దొరుకుతుంది.

అపోహ: పిల్లి ఇచ్చే ఆధారం కథలో చెల్లుతుంది గానీ కోర్టులో చెల్లదు.

వాస్తవం: కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో 1994లో ఒక మహిళ హత్యకు గురైంది. రక్తపు మరకలున్న ఒక తోలు జాకెట్‌పై తెల్లని పిల్లి వెంట్రుకలు దొరికాయి. అనుమానితుడి ఇంట్లో స్నోబాల్ అనే తెల్లపిల్లి ఉంది. దాని రక్తంలోని డీఎన్ఏ ఆ వెంట్రుకల డీఎన్ఏతో సరిపోయింది. ఆ దీవిలోని పిల్లులన్నీ ఒకే రకమైన డీఎన్ఏ కలిగినవేమో అన్న సందేహం తీరడానికి మరికొన్ని పిల్లుల రక్తాన్ని కూడా పరీక్షించారు. 1996లో నిందితుడికి శిక్ష పడింది. ఈ ఉదంతంలో నాకు ఎక్కువగా నచ్చేది ఆ రెండో పరీక్ష. ఒక సరిపోలిక దొరకగానే ఆగిపోకుండా, అది యాదృచ్ఛికం కావచ్చునా అని తమను తాము ప్రశ్నించుకున్న పద్ధతి అది.

చివరి అధ్యాయంలో అందరినీ వసారాలో కూర్చోబెట్టి దోషితో నేరం ఒప్పించే సన్నివేశాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువు చేయడానికి వీల్లేదని భారతీయ సాక్ష్య అధినియమంలోని 23వ సెక్షన్ చెబుతోంది. ఇతరుల ముందు ఒప్పుకున్నా, దానికి తోడుగా వేరే ఆధారాలు ఉన్నాయా అని న్యాయస్థానాలు చూస్తాయి. అందువల్ల నా కథల్లో వసారా సన్నివేశం కన్నా ముందే, తూకం చీటీ గానీ, వెంట్రుకల నివేదిక గానీ, హమాలీ వాంగ్మూలం గానీ ఎస్సై చేతికి చేరి ఉంటుంది.